కావలివాడి పేరుతో

తలుపు తీసిన పెద్దావిడ అతని భుజానికున్న సంచీ చూసింది, మెడలో కార్డు చూసింది, బురద అంటిన బూట్లు చూసింది.

"నెట్ లైను బాగుచేసేది నువ్వేనా?"

"నేనేనండీ. లైన్ పడిపోతోందని కంప్లయింట్ ఇచ్చారు కదా."

"ఇచ్చింది మా కోడలు. ఆ బూట్లు అక్కడే విప్పు. గట్టిగా మాట్లాడకు, అది పనిలో ఉంది."

హాలుకీ పక్కగదికీ మధ్య అద్దం తలుపు ఉంది. దాని వెనక ఒకామె కంప్యూటర్ ముందు కూర్చుని చేతులతో మాట్లాడుతోంది. పెదవులు కదలడం లేదు. వేళ్ళు కదులుతున్నాయి, కనుబొమలు కదులుతున్నాయి, భుజాలు కూడా ఏదో చెబుతున్నాయి. ఈ ఉద్యోగంలో అతను చాలా ఇళ్ళ గుమ్మాలు ఎక్కి దిగాడు. చప్పుడు లేకుండా ఇంత మాట్లాడే మనిషిని ఎక్కడా చూడలేదు.

ఆమె తలెత్తింది. అతని వైపు అరచెయ్యి చూపించింది. పొమ్మంటోందనుకుని అతను ఒకడుగు వెనక్కి వేశాడు.

"పొమ్మనడం కాదు, ఆగమంటోంది," అంది పెద్దావిడ. "చేతుల మాట తెలీదా నీకు?"

"తీగల మాటే తెలుసండీ నాకు."

"అయితే తీగలబ్బాయివన్నమాట."

ఆ పేరు అలా ఖాయమైపోయింది.

అల్మరా పై అరలో మోడెం ఉంది. వీధిలోంచి వచ్చే లైన్ అందులోకి వస్తుంది. మోడెంకి ఉన్నది ఒక్కటే సాకెట్. అందులోంచి ఒక తీగ పక్కనున్న ఇనప డబ్బాలోకి పోతోంది. ఇంట్లోకి పోయే తీగలన్నీ ఆ డబ్బా రెండో వైపు నుంచి బయల్దేరుతున్నాయి.

"ఇదేంటండీ?"

"ఫైర్‌వాల్ అనేవాడు మావాడు. బయటివాళ్ళు ఇంట్లో దూరకుండా కావలి. ముట్టుకోకు."

"సార్ ఆఫీసుకెళ్ళారా?"

"లేడు," అంది ఆవిడ. ఆ మాట అన్న తీరుకి అతను ఇంకేమీ అడగలేదు.

మోడెంలో ఒక పేజీ ఉంటుంది. లైన్‌లో ఎంత రొద ఉంది, ఎప్పుడెప్పుడు పడిపోయింది, అన్నీ అందులో కనిపిస్తాయి. అది చూడాలంటే ఆ ఒక్క సాకెట్లోంచి ఫైర్‌వాల్ తీగ పీకి తన లాప్‌టాప్ తగిలించాలి. పీకితే లోపల ఆమె మాట్లాడుతున్నది ఆగిపోతుంది.

"ఆవిడ పని ఎంతసేపు పడుతుందండీ?"

"ఆసుపత్రి పని. డాక్టరు చెప్పింది వినపడనివాళ్ళకి చేతులతో చెబుతుంది, వాళ్ళు చెప్పింది డాక్టరుకి నోటితో చెబుతుంది. ఎంతసేపంటే అవతలివాళ్ళ రోగాన్ని బట్టి ఉంటుంది."

అతని ఫోన్ మోగింది. సూపర్‌వైజరు. ఇంకా ఎన్ని మిగిలాయని అడిగాడు. అతను వీధిలోకి వెళ్ళి, గోడ మీద పెట్టెలో మీటరు పెట్టి చూశాడు. ఎండ కాస్తోంది. లైన్ బాగుంది. తిరిగొచ్చి పెద్దావిడని అడిగాడు.

"ఇంటి ఫోన్‌కి నాలుగంకెల కోడ్ వచ్చుంటుంది, చెప్పండమ్మా. కంప్లయింట్ మూసేస్తాను."

ఆవిడ చెప్పింది. అతను 'ఏ లోపమూ లేదు' అని నొక్కి బూట్లు వేసుకున్నాడు. అద్దం వెనక ఆ అరచెయ్యి ఇంకోసారి లేచింది. అతను చూసీ చూడనట్టు బయటపడ్డాడు.

*

వాన పడిన మర్నాడు అదే ఇంటి నుంచి మళ్ళీ కంప్లయింట్ వచ్చింది. పోయినసారి వచ్చిన మనిషినే పంపమని ప్రత్యేకంగా అడిగారట. ఈసారి తలుపు కోడలే తీసింది.

"ఏ లోపమూ లేదని రాసింది మీరేనా?"

"నేను చూసినప్పుడు బాగానే ఉంది మేడం."

"పడిపోయినప్పుడు చూడమన్నాను నేను. నిలబడి ఉన్నదాన్ని ఎవరైనా చూస్తారు."

"పడిపోయినప్పుడు నేనిక్కడ ఉండను కదా మేడం. వీధిలో తీగల జాయింట్ అనుమానంగా ఉందని ఆఫీసులో చెప్పినా ఎవరూ వినరు. చెవిటివాడి ముందు శంఖం ఊదినట్టే."

వంటగదిలో గిన్నె చప్పుడు ఆగింది. కోడలు అతని మొహంలోకి చూసింది.

"మా అమ్మకి పుట్టినప్పటి నుంచీ వినపడదు," అంది. "మాటలకన్నా ముందు చేతులే నేర్చుకున్నాను నేను. ఎవరైనా శంఖం ఊదితే అమ్మ దాని ముందు చెయ్యి పెట్టి, గాలి తగులుతోందని నవ్వేది. ఊదేవాడి బుగ్గలు చూసి ఇంకా నవ్వేది. మీరు ఇంకో సామెత వెతుక్కోండి."

అతనికి తల ఎక్కడ పెట్టుకోవాలో తెలియలేదు. క్షమాపణ చెబుదామని నోరు తెరిచాడు. ఆమె అవకాశం ఇవ్వలేదు.

"నిన్న వానలో ఒకాయనతో మాట్లాడుతున్నాను. ఆయనకి వినపడదు. ఆయన భార్య ఆసుపత్రిలో ఉంది. డాక్టరు వచ్చి, ఆవిడ బతకలేదు, చెప్పమంటున్నాడు. చెప్పడానికి చేతులెత్తాను. లైన్ పోయింది."

ఆమె గొంతులో ఎక్కడా ఒత్తు లేదు.

"అక్కడ తెర మీద నా బొమ్మ అలాగే నిలిచిపోయింది. డాక్టరు తను చెప్పేశానని వెళ్ళిపోయాడు. ఆయన మాత్రం కూర్చున్నాడు. నా చేతులు లేచి ఉన్నాయి కదా, ఏదో చెప్పబోతున్నానని. గది ఊడవడానికి మనిషి వచ్చేదాకా కూర్చునే ఉన్నాడట. తర్వాత నర్సు కాగితం మీద రాసి చూపించింది."

అతను అల్మరా వైపు చూశాడు. ఇంకెటు చూడాలో తెలియక.

"ఇంకొక్కసారి ఇలా అయితే వేరే మనిషిని చూసుకుంటామన్నారు ఆసుపత్రివాళ్ళు. తప్పు వాళ్ళది కాదు. నాకు వచ్చిన పని ఇదొక్కటే. ఇల్లు గడిచేదీ దీంతోనే. ఇప్పుడు చెప్పండి, కోడ్ కావాలా?"

"వద్దండీ," అన్నాడు అతను.

కాసేపటికి అతను మోడెం పేజీ సంగతి చెప్పాడు. పడిపోయిన ప్రతిసారీ అందులో నమోదవుతుంది. ఆ రుజువు చూపిస్తే వీధిలో తీగల జాయింటున్న గుంట తెరిపించవచ్చు. తెరిపించక వాళ్ళకి గత్యంతరం ఉండదు.

"అయితే నిన్నటిది ఉంటుంది కదా అందులో?"

"మోడెం ఆపి మళ్ళీ వేయకపోతే ఉంటుంది. స్విచ్ ఆపితే అంతా చెరిగిపోతుంది."

ఇద్దరూ ఒకేసారి వంటగది గుమ్మం వైపు చూశారు. అత్తగారు చేతులు తుడుచుకుంటూ నిలబడి ఉంది.

"నేనే ఆపుతాను," అంది ఆవిడ. "లైన్ పోగానే ఆపి వేస్తాను. వేస్తే వస్తుంది కదా."

"అది తనంతట తనే వస్తుందమ్మా."

"ఇన్నాళ్ళూ నేను తెప్పిస్తున్నాననుకున్నాను," అంది ఆవిడ. ఆ ఇంట్లో తన చేతిలో ఉన్న పని ఒకటి జారిపోయినట్టు అరచేతుల వైపు చూసుకుంది.

"ఈ డబ్బా తీసేసి మామూలు రౌటర్ పెడితే..." అని మొదలుపెట్టాడు అతను.

"వద్దు," అన్నారు ఇద్దరూ.

"రోగుల మాటలు వెళ్ళే దారి ఇది," అంది కోడలు. "అది ఉండాలన్నది ఆసుపత్రివాళ్ళ షరతు. మా ఆయన ఇలాంటివే అమర్చేవాడు. ఆఫీసులో కుర్చీలో కూర్చున్నవాడు కూర్చున్నట్టే ఒరిగిపోయాడు. ఆ తర్వాత దాన్ని ఎవరూ తెరవలేదు."

"తెరవాలండీ. మోడెం దానికి అవతల ఉంది. ఇంట్లోంచి మోడెం పేజీ కనబడాలంటే ఈ డబ్బా దారి ఇవ్వాలి. పాస్‌వర్డ్ ఉందా?"

"ఆయనకే తెలుసు."

"లేకపోతే కొన్నప్పటి స్థితికి తిప్పాలి. అప్పుడు లోపలున్నవన్నీ పోతాయి."

ఆమె వేలితో డబ్బా మీద దుమ్ము తుడిచింది. అక్కడ దుమ్మేమీ లేదు. రోజూ తుడుస్తున్నదే.

"జరగండి," అంది అత్తగారు.

ఆవిడ ఇద్దరి మధ్యలోంచి వచ్చి, అతను డబ్బాకి తగిలించిన లాప్‌టాప్ ముందు వంగింది. వాళ్ళకి కనపడకుండా ఎడమచెయ్యి అడ్డం పెట్టి, కుడి చూపుడువేలితో ఒక్కొక్క అక్షరమే వెతుక్కుంటూ కొట్టింది. పేజీ తెరుచుకుంది.

"అత్తయ్యా, మీకు తెలుసా?"

"వాడు ఊళ్ళకెళ్ళినప్పుడు ఫోన్ చేసి నా చేత తెరిపించేవాడు."

"నేనడిగితే తెలీదన్నారు."

"నువ్వడిగింది వాడు పోయిన కొత్తలో. తెరుస్తావు, చూసుకుంటావు, ఏడుస్తావు, ఇక ఈ ఇంట్లో నాకేం పని అని బట్టలు సర్దుకుంటావు. నిన్ను ఆపడానికి నా దగ్గర ఇంకేం మిగిలిందే? ఆ ముక్క ఒక్కటే." ఆవిడ ముక్కు ఎగబీల్చింది. "ఆసుపత్రిలో అలా కూర్చుండిపోయినాయన సంగతి విన్నాక దాచబుద్ధి కాలేదు. ఎవరికీ చెప్పొద్దన్నాడు వాడు. చెప్పను, కొడతాను. కావాల్సినప్పుడల్లా పిలవండి."

కోడలు ఒక కుర్చీ లాగి అత్తగారి వెనక వేసింది. ఆవిడ కూర్చుంది.

తర్వాత కోడలు తెర మీద వరసలన్నీ మొదటి నుంచీ చదివింది. ఏది లోపలికి రావచ్చు, ఏది రాకూడదు, ఏది ఎటు పోవాలి. అంకెలు, బాణాలు. ఆమె కిందిదాకా వెళ్ళింది, మళ్ళీ పైకి వచ్చింది. దేని కోసం వెతుకుతోందో అతనికి తెలిసింది. తెలియనట్టు కిటికీ వైపు తిరిగాడు.

"ఇంతేనా?" అంది చివరికి.

"ఇంతేనండీ."

"ఏదో ఉంటుందనుకున్నాను."

"నిబంధనలు శుభ్రంగా రాశారండీ. ఒక్కటీ అనవసరంగా లేదు."

"ఆయన అంతే," అంది. కళ్ళు తుడుచుకోలేదు. తుడుచుకోవాల్సినంత రాలేదు. "మీ పని మీరు చేయండి."

అతను ఫైర్‌వాల్‌కి బయటివైపు, మోడెం ఉన్న తీగ మీద, ఇంటి నంబరు లాంటి ఇంకొక నంబరు ఇచ్చాడు. అది మోడెం నంబరున్న వరసలోనే ఉంటేనే మోడెంతో మాట కలుస్తుంది. ఇచ్చి, మోడెం నంబరు కొట్టాడు. పేజీ తెరుచుకుంది. పాస్‌వర్డ్ అడిగింది. ముగ్గురూ ముందుకు వంగారు. అది ఫైర్‌వాల్ పేజీయే.

అతను మోడెం నంబరునే ఫైర్‌వాల్‌కి ఇచ్చేశాడు. ఇప్పుడు ఆ నంబరుతో ఎవరు పిలిచినా ఫైర్‌వాలే పలుకుతుంది.

"ఊరంతా తిరిగి మన గుమ్మంలోకే తెచ్చావు," అంది అత్తగారు.

కోడలు నవ్వలేదు గానీ పెదవి కొస కొరుక్కుంది. అతను నంబరు మార్చాడు. ఈసారి తెర మధ్యలో చిన్న చక్రం తిరగడం మొదలుపెట్టింది. అది ఆగకుండా తిరుగుతూనే ఉంది. ఏ జవాబూ రాలేదు.

*

"ఒక్క ఇంటికి ఇన్నిసార్లు పోతావా?" అన్నాడు సూపర్‌వైజరు. "ఆ ఇంట్లో ఏముంది?"

"మోడెం ఉందండీ."

"మోడెం మా ఇంట్లోనూ ఉంది. ఎప్పుడైనా వచ్చావా?"

ఆఫీసులో నెట్‌వర్క్ పని చూసే పెద్దాయన ఒకడున్నాడు. ఆయనకి టీ తెచ్చి ఇచ్చి అతను సంగతంతా చెప్పాడు. పెద్దాయన టీ సగం తాగి, ఒకే ఒక్క ప్రశ్న వేశాడు. "అడిగింది ఎవరో మోడెంకి తెలుసా?"

అతను సెలవురోజు ఆ ఇంటికి వెళ్ళాడు.

"మెడలో కార్డేది?" అంది కోడలు గుమ్మంలో.

"ఇవాళ సెలవండీ."

"సెలవునాడు ఎందుకొచ్చారు?"

"జవాబు ఎందుకు రావడంలేదో తెలిసింది. రేపటిదాకా ఆగలేకపోయాను."

ఆమె పక్కకి జరిగింది. అతను బూట్లు విప్పుతూనే చెప్పడం మొదలుపెట్టాడు.

"ఇంటికి గేటుందనుకోండి. గేటు దగ్గర కావలివాడు. మోడెం గేటు అవతల అరుగు మీద కూర్చుని ఉంది. మీరు లోపల్నుంచి దాన్ని ఒక మాట అడిగారు. కావలివాడు తీసుకెళ్ళి ఇచ్చాడు. మోడెం విన్నది. జవాబు కూడా చెబుతుంది. కానీ అడిగింది లోపలి గదిలో ఉన్న మనిషి. ఆ గది నంబరు మోడెం ఎన్నడూ ఎరగదు. జవాబు ఎటు పంపాలో తెలీక పారేస్తోంది."

"అంటే ఇన్నిసార్లూ అది జవాబు చెబుతూనే ఉందా?"

"చెబుతూనే ఉందండీ. మనదాకా రావడంలేదు."

"మరేం చేయాలి?" అంది అత్తగారు.

"కావలివాడు తన పేరుతో అడగాలండీ. వాడు మోడెంకి తెలుసు, పక్కనే ఉంటాడు. జవాబు వాడికొస్తుంది. వాడు దాన్ని లోపలికి తెచ్చి, అడిగినవాళ్ళ చేతికిస్తాడు. ఆ ఒక్క నిబంధన రాయాలి."

అత్తగారు చెయ్యి అడ్డం పెట్టి పాస్‌వర్డ్ కొట్టింది. అతను ఆ నిబంధన రాశాడు. మోడెం నంబరు కొట్టాడు. ఈసారి చక్రం తిరగలేదు. మోడెం పేజీ వచ్చింది.

"ఇదిగోండి, ఈ అంకె. ఇదే లైన్ ఊపిరి. ఆరు కిందికి దిగితే పడిపోతుంది. లోపల కాల్ నడుస్తున్నా సరే, హాల్లోంచి ఎప్పుడైనా చూడొచ్చు. దిగుతున్నప్పుడు ఫోటో తీయాలి. స్విచ్ మాత్రం..."

"ముట్టుకోను," అంది అత్తగారు. "అన్నిసార్లు చెప్పకు." టీ పెట్టడానికి లేచింది.

కోడలు ఆ అంకె వైపే చూస్తూ అడిగింది. "ఆసుపత్రిలో కూర్చుండిపోయిన ఆ మనిషిని మీరు చూడనైనా లేదు. ఎందుకింత పట్టుకున్నారు?"

"ఏ లోపమూ లేదని రాసింది నేనే కదండీ. మీరు ఆగమని చెయ్యి చూపించినా ఆగలేదు."

ఆమె అంకె మీంచి చూపు తీయలేదు.

"నేను చేతులు తొందరపడి ఎత్తాను," అంది. "డాక్టరు చెప్పడం పూర్తి కానిచ్చి ఉంటే, నా చేతులు ఒళ్ళో ఉండగానే లైన్ పోయేది. చేతులు కింద ఉంటే ఆయన అంతసేపు కూర్చునేవాడు కాదు. రోజూ అదే ఆలోచిస్తాను."

"రెండు తప్పులూ మీరే మోయకండి. ఒకటి నాకు వదిలేయండి."

ఆమె తలతిప్పి అతన్ని చూసింది. వంటగదిలో నీళ్ళు మరిగి పొంగి, పొయ్యి మీద చుయ్యిమన్నాయి. ఇద్దరూ వినలేదు.

"మీ ఇద్దరికీ వినపడదా ఏం?" అంది అత్తగారు లోపల్నుంచి.

*

వాన పడినప్పుడు అతను ఊరి ఇంకో కొసన స్తంభం దగ్గరున్నాడు. ఫోన్ మోగింది.

"తీగలబ్బాయ్, అంకె దిగుతోంది."

"ఫోటో తీయండమ్మా. స్విచ్ ముట్టుకోకండి."

"నా చెయ్యి నా మాట వినడంలేదు. అటే పోతోంది."

"ఆ చేత్తోనే ఫోటో తీయండి."

అనుకున్న ప్రకారమే ఆవిడ అద్దం తలుపు దగ్గరికెళ్ళి, అరచెయ్యి నెమ్మదిగా కిందికి దించి చూపించింది. లోపల కోడలు ఒక ముసలామెకి పరీక్షల ఫలితం చెబుతోంది. మాట ఆపి, చేతులతో వేరే సంగతి చెప్పింది. బొమ్మ ఆగిపోవచ్చు. ఆగితే నా కోసం చూడొద్దు. పక్కనున్న నర్సు చెయ్యి పట్టుకోండి. చెప్పి, రెండు చేతులూ ఒళ్ళో పెట్టుకుంది. అప్పుడు లైన్ పోయింది.

అవతల ముసలామె నర్సు చెయ్యి పట్టుకుంది. లైన్ తిరిగి వచ్చేదాకా వదల్లేదట.

ఫోటోలు చూశాక సూపర్‌వైజరు మోడెం గురించి వెటకారం ఆడలేదు. జాయింట్లు కట్టే మనిషిని పంపాడు. వీధి మలుపులో గుంట మూత ఎత్తితే లోపల మోకాలి లోతు నీళ్ళు, అందులో తీగలు కలిసేచోట పగిలిన తొడుగు. అతను గుంటలోకి దిగి బకెట్టుతో నీళ్ళు తోడాడు. జాయింటు మనిషి రాగి తీగలు కొత్తగా కలిపి, కొత్త తొడుగు బిగించాడు. వాళ్ళింటి పై అంతస్తు కిటికీలోంచి ఎవరో చూస్తున్నట్టనిపించి అతను తలెత్తాడు. వాన కళ్ళలో పడింది. ఎవరున్నారో కనపడలేదు.

ఆ తర్వాత వచ్చిన వానకి మళ్ళీ ఫోన్ వచ్చింది.

"దిగలేదు," అంది అత్తగారు. "గంట నుంచి చూస్తున్నా, కదల్లేదు."

"మంచిదండీ."

ఆవిడ ఫోను ఇంకో చెవికి మార్చుకున్న చప్పుడైంది.

"ఇక నువ్వు రానక్కర్లేదేమో," అంది ఆవిడ.

"కోడ్ కోసం ఒక్కసారి రావాలండీ."

*

అతను వెళ్ళేసరికి కోడలు అద్దం వెనక పనిలో ఉంది. అతన్ని చూసి అరచెయ్యి ఎత్తింది. ఈసారి అతను ఆగాడు. అత్తగారు పక్క కుర్చీ చూపించింది.

"ఎవరో తెలుసా అవతల?" అంది గొంతు తగ్గించి. "ఆయనే. భార్య సామాన్లు తీసుకెళ్ళడానికి ఆసుపత్రికొచ్చాడట. వచ్చి, ఆ రోజు చేతులెత్తిన ఆవిడే కావాలన్నాడట. సగంలో ఆపిన మాట పూర్తిగా చెప్పమని."

"ఆయనకి తెలుసు కదండీ."

"తెలుసు. అయినా ఆవిడ చేతుల్లోంచే చూడాలన్నాడట."

అద్దం వెనక ఆమె చేతులు లేచాయి. అవి ఏమంటున్నాయో అతనికి రాదు. ఎక్కడ మొదలైందో తెలిసింది, ఎక్కడ ఆగిపోయిందో కూడా తెలిసింది, ఎందుకంటే అక్కడ ఆమె ఒక్క క్షణం ఆగింది. ఆగి, మిగిలింది చెప్పింది. చేతులు దిగి ఒళ్ళోకి వచ్చాయి. ఆమె తెర వైపు చూస్తూ కూర్చుంది. అవతలి మనిషి ఏదో చెబుతున్నట్టున్నాడు. చాలాసేపు చెప్పాడు. ఆమె తల ఊపుతూ ఉంది. తర్వాత తెర చీకటైంది. ఆమె కదల్లేదు.

హాల్లో ఇద్దరూ కూడా కదల్లేదు.

"సగంలో ఆగిన మాట మనిషిని కుర్చీలోంచి లేవనివ్వదు," అంది అత్తగారు. "ఈ ఇంట్లో ఇద్దరం అలాగే కూర్చున్నాం. నాకేమో లేచే వయసు దాటింది. దాని సంగతి వేరు."

అతను సంచీ పట్టీని వేలికి చుట్టుకుంటున్నాడు.

"ఒక మాటడుగుతాను. నువ్వే చెప్పావుగా, లోపలి గదిలో ఉన్నది అడిగితే జవాబు ఎటు రావాలో దానికి తెలీదని. అది అడగదు. అడిగే అలవాటు పోయింది దానికి. అందుకని నేనడుగుతున్నా, నా పేరుతో. నీకు పెళ్ళయిందా?"

"కాలేదండీ."

"ఎవరైనా ఉన్నారా మనసులో?"

అతను అద్దం తలుపు వైపు చూశాడు.

"చూపు పనికిరాదు. మాట కావాలి. నేను మోసుకెళ్ళాలి."

"ఉన్నారండీ," అన్నాడు. "గుంటలో నీళ్ళు తోడుతున్నప్పుడు కూడా ఉన్నారు. చెప్పే ధైర్యం లేక, లైన్ మళ్ళీ పాడైతే బాగుండునని కూడా అనుకున్నాను. అనుకున్నందుకు సిగ్గేసింది."

"ఇంకొకటుంది. అదీ విను." ఆవిడ కొంగు సర్దుకుంది. "అదొక్కతే రాదు. నాకు వాడు లేడు. దానితోపాటు నేనూ వస్తాను. సామాన్లలో నన్నూ ఒకటిగా లెక్కేసుకోవాలి."

"మీరు లేకపోతే పాస్‌వర్డ్ ఎవరు కొడతారండీ?"

ఆవిడ అతన్ని కొంతసేపు చూసింది. కుర్చీ చేతులు పట్టుకుని లేచి, అద్దం తలుపు తోసుకుని లోపలికి వెళ్ళింది.

అతనికి ఏమీ వినపడలేదు. అత్తగారి పెదవులు కదలడం కనపడింది. కోడలి వీపు కనపడింది. ఆ వీపు చాలాసేపు కదల్లేదు. వెనకాల గోడకి చనిపోయినాయన ఫోటో ఉందని అతను అంతవరకూ గమనించలేదు. కోడలు దాని వైపు తిరిగింది. అతను తల దించుకున్నాడు. లేచి వెళ్ళిపోదామా అనుకున్నాడు. ఆగమని చూపించిన చెయ్యి ఇంకా తన వైపే ఉన్నట్టనిపించింది. కూర్చున్నాడు.

తలుపు తెరుచుకుంది. అత్తగారు ఒక్కతే వచ్చింది.

"కోడ్ ఇవాళ ఇవ్వదట," అంది.

"అంటే..."

"రేపు రమ్మంటోంది. రేపు కూడా ఇస్తానని మాటివ్వనంది."

అతనికి ఊపిరి ఆడటానికి కాస్త సమయం పట్టింది. వానలో దిగిన అంకె మళ్ళీ మెల్లగా పైకి ఎక్కుతున్నట్టు.

"రేపు ఎప్పుడు రమ్మన్నారండీ?"

అత్తగారు కుర్చీలో కూలబడి మోకాళ్ళు రెండు చేతులతో పట్టుకుంది.

"అదీ నేనే వెళ్ళి అడిగి రావాలా? కావలివాడికీ కాళ్ళ నొప్పులుంటాయి నాయనా. తలుపు వేయలేదు నేను. నువ్వే లోపలికెళ్ళి అడుగు."

అతను సంచీ నేల మీద పెట్టి లేచాడు.